ఈసీఎం న్యూ సిరీస్: విమర్శకుల మెప్పు పొందిన సమకాలీన శాస్త్రీయ రికార్డులు

ఈసీఎం న్యూ సిరీస్ 1984లో మొదలైంది. జర్మనీలోని మ్యూనిక్ నుంచి పనిచేసే ఈసీఎం అనే స్వతంత్ర రికార్డు సంస్థకు ఇదొక విభాగం. అప్పటికే జాజ్ రికార్డులతో పేరు తెచ్చుకున్న ఆ సంస్థ, స్వరకర్తలు కాగితం మీద రాసిచ్చే సంగీతానికి విడిగా ఒక చోటు ఉండాలని దీన్ని ఏర్పాటు చేసింది. ఆర్వో ప్యార్ట్, గ్యోర్గి కుర్తాగ్, గియా కాంచెలి, వలెంతిన్ సిల్వెస్త్రోవ్, తిగ్రాన్ మన్సూరియన్ వంటి స్వరకర్తలు ప్రపంచంలో చాలామంది శ్రోతలకు ఈ రికార్డుల ద్వారానే తెలిశారు. విమర్శకులు ఇక్కడ మెచ్చుకున్నది స్వరకర్తలను మాత్రమే కాదు. రికార్డు చేసే తీరును, ధ్వని స్వచ్ఛతను, రచనల వరసను, స్వరాల మధ్య నిశ్శబ్దానికి ఇచ్చిన విలువను కూడా అంతే మెచ్చుకున్నారు. వచ్చిన అభ్యంతరాలు కూడా సరిగ్గా వీటి మీదే వచ్చాయి.

పూర్వరంగం

సంస్థ స్థాపకుడు మాన్‌ఫ్రెడ్ ఐషర్ 1943లో, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న లిండావ్‌లో పుట్టారు. బెర్లిన్‌లో సంగీతం చదువుకుని డబుల్ బాస్ వాయించేవారు. డాయిచె గ్రామఫోన్ సంస్థలో నిర్మాణ సహాయకుడిగా పనిచేసి, శాస్త్రీయ సంగీతాన్ని ఎంత ఓపికగా రికార్డు చేస్తారో దగ్గర నుంచి చూశారు. జాజ్‌కూ ఆ శ్రద్ధే దక్కాలన్న పట్టుదలతో 1969లో ఈసీఎంను పెట్టారు. మొదటి రికార్డు అమెరికన్ పియానో వాద్యకారుడు మాల్ వాల్డ్రన్‌ది. 1971లో కెనడా జాజ్ పత్రిక ‘కోడా’ ఈ సంస్థ రికార్డుల గురించి రాస్తూ, నిశ్శబ్దం తర్వాత అంత అందమైన ధ్వని ఇదేనన్న అర్థం వచ్చేలా మెచ్చుకుంది. సంస్థ ఆ మాటనే తన నినాదంగా తీసుకుంది. విమర్శకుడి వాక్యం ఒక కంపెనీ చిరునామాగా మారిన సందర్భాలు రికార్డు చరిత్రలో అరుదు.

1975 జనవరి 24న కొలోన్ నగరంలో కీత్ జారెట్ ఒక్కడే కూర్చుని పియానో మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించిన కచేరీ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. లాభం వస్తుందన్న భరోసా లేని సంగీతానికి చెయ్యి అందించగల ధైర్యాన్ని ఆ విజయమే ఇచ్చింది.

రాసిన సంగీతం వైపు తొలి అడుగు స్వరకర్త స్టీవ్ రైక్‌తో పడింది. ఆయన ‘మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్’ను 1976లో డాయిచె గ్రామఫోన్ కోసం ప్యారిస్‌లో రికార్డు చేశారు కానీ ఆ సంస్థ దాన్ని విడుదల చేయలేదు. 1978లో ఈసీఎం దాన్ని బయటికి తెచ్చింది. గంటకు కాస్త తక్కువగా, ఆగని లయతో, మెల్లగా రంగులు మార్చుకునే ఆ రచన లక్షకు పైగా ప్రతులు అమ్ముడైంది. పెద్ద సంస్థ పక్కన పెట్టినదాన్ని చిన్న సంస్థ తలకెత్తుకోవడం విమర్శకుల దృష్టిని కూడా ఇటు తిప్పింది. 1981లో గాయని, స్వరకర్త మెరెడిత్ మాంక్ ‘డాల్మెన్ మ్యూజిక్’ వచ్చింది. మాటలు లేకుండా గొంతునే వాద్యంగా వాడిన ఆ రికార్డుకు జర్మన్ విమర్శకుల బహుమతి దక్కింది. అప్పటికింకా న్యూ సిరీస్ అన్న పేరు లేదు.

‘తబులా రాసా’

ఐషర్ ఒకసారి కారులో జర్మనీ నుంచి స్విట్జర్లాండ్ వైపు వెళుతుండగా రేడియోలో ఒక సంగీతం వినిపించింది. సిగ్నల్ సరిగా అందక, రహదారి దిగి బాగా వినిపించే చోటు వెతుక్కుని మరీ విన్నారు. ఎవరిదో తెలుసుకోవడానికి ఆ తర్వాత చాలా వాకబు చేయాల్సి వచ్చింది. అది ఎస్టోనియా స్వరకర్త ఆర్వో ప్యార్ట్ ‘తబులా రాసా’. 1935లో పుట్టిన ప్యార్ట్ మొదట్లో ఐరోపా నవ్యుల పద్ధతిలో రాసి, సోవియట్ అధికారుల ఆగ్రహానికి గురై, కొన్నేళ్లు దాదాపు మౌనంగా ఉండిపోయారు. 1976లో కొత్త పద్ధతితో మళ్లీ రాయడం మొదలుపెట్టి, 1980లో కుటుంబంతో దేశం వదిలి వియన్నాకు, అక్కడి నుంచి బెర్లిన్‌కు చేరారు.

‘టింటినాబులి’ అని పిలిచే ఆ పద్ధతిలో రెండు స్వరధారలు కలిసి నడుస్తాయి. ఒకటి స్వరాల మెట్ల మీద ఒక్కో అడుగు వేస్తూ వెళుతుంది. రెండోది మూల స్వరసమ్మేళనంలోని మూడు స్వరాలను దాటి బయటికి పోదు. మన చెవికి వెంటనే తంబురా శ్రుతి మీద సాగే ఆలాపన తోస్తుంది. కానీ తంబురా ఒకేచోట నిలిచి ఉంటుంది. ఇక్కడ ఆ రెండో ధార కూడా మొదటిదాని వెంట కదులుతూ, ప్రతి స్వరానికీ తన మూడింటిలో దగ్గరి స్వరాన్ని ఒక నియమం ప్రకారం జత చేస్తుంది.

ఈ పద్ధతిలో రాసిన రచనలతో 1984లో వచ్చిన ‘తబులా రాసా’ రికార్డు న్యూ సిరీస్‌కు నాంది. ఇందులో ‘ఫ్రాత్రెస్’ రెండు రూపాల్లో ఉంది. ఒకదాన్ని గిడన్ క్రేమర్ వయొలిన్ మీద, కీత్ జారెట్ పియానో మీద వాయించారు. మరొకటి బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌కు చెందిన పన్నెండుగురు చెల్లో వాద్యకారులది. ‘తబులా రాసా’ను మాత్రం స్టూడియోలో చేయలేదు. 1977లో జర్మన్ రేడియో పట్టిన కచేరీ ధ్వనినే వాడుకున్నారు. క్రేమర్, తతియానా గ్రిందెంకో ఇద్దరూ వయొలిన్లు వాయించగా, మరో గొప్ప స్వరకర్త ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కె ప్రిపేర్డ్ పియానో (తీగల మధ్య వస్తువులు అమర్చి నాదం మార్చిన పియానో) ముందు కూర్చున్నారు.

మిగిలిన రచన ‘కాంటస్’. ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1976 డిసెంబరులో చనిపోయాక ఆయన స్మృతిలో రాసింది. తీగవాద్యాల బృందాలు ఒకే అవరోహణను వేర్వేరు వేగాల్లో పట్టుకుంటాయి. పైన ఉన్న బృందం దిగిన వేగంలో సగంతో తర్వాతిది, దానిలో సగంతో ఆ తర్వాతిది దిగుతాయి. ఒకే ఒక్క గంట అప్పుడప్పుడు మోగుతుంది. చివర అన్నీ అట్టడుగు స్వరానికి చేరి నిండుగా మోగుతుండగా గంటను మరొకసారి మెత్తగా కొడతారు. ఆ దెబ్బ అప్పుడు ఎవరికీ వినిపించదు. తీగలు ఒక్కసారిగా ఆగగానే గంట నాదం మాత్రం గాలిలో మిగిలి ఉంటుంది. అంతవరకు విషాదంగా సాగిన స్వరసమ్మేళనం మీద ఆ గంట ఉపస్వరం ఒక వెలుగు రేఖలా పడుతుంది. రికార్డింగ్‌లో ఆ క్షణం దొరకాలంటే హాలు ధ్వని, మైకుల అమరిక, ఆపే ఘడియ అన్నీ కుదరాలి. ఈ సంస్థ రికార్డులను విమర్శకులు ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో ఈ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ ఆదరణ పత్రికల పుటలు దాటి కూడా వెళ్లింది. ఎనభైల్లో న్యూయార్క్‌లో ఎయిడ్స్‌తో మరణశయ్య మీద ఉన్నవారు ఈ రికార్డును మళ్లీ మళ్లీ పెట్టమని అడిగేవారన్న సంగతిని ‘న్యూయార్కర్’ విమర్శకుడు అలెక్స్ రాస్ ప్యార్ట్ గురించిన వ్యాసంలో ప్రస్తావించారు. 2010లో, ప్యార్ట్‌కు 75 ఏళ్లు నిండిన సందర్భంగా, ఈ రికార్డును స్వరలిపితో కూడిన పుస్తకంగా మళ్లీ ప్రచురించారు.

సోవియట్ గోడ అవతలి గొంతులు

తర్వాతి ఇరవయ్యేళ్లలో న్యూ సిరీస్ చేసిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది తూర్పు ఐరోపా, కాకసస్ ప్రాంతాల స్వరకర్తలను వెతికి పట్టుకోవడం. జార్జియాకు చెందిన కాంచెలి, ఉక్రెయిన్‌కు చెందిన సిల్వెస్త్రోవ్, ఆర్మేనియాకు చెందిన మన్సూరియన్, ఎస్టోనియా జానపద బాణీలను బృందగానంగా మలచిన వెల్యో తోర్మిస్ వీరిలో ఉన్నారు. ఎవరి రికార్డునైనా ఒకటి చేసి వదిలేయకుండా ఏళ్ల తరబడి వరసగా చేస్తూ రావడం వల్ల, విమర్శకులకు ఒక్కో స్వరకర్త ఎదుగుదలను అంచనా వేసే వీలు చిక్కింది. పశ్చిమ ఐరోపాలో నవ్యతకు నిలువుటద్దం లాంటి హెల్ముట్ లాఖెన్‌మన్, హైన్జ్ హోలిగర్, హైనర్ గోబెల్స్ రచనలూ ఇదే విభాగంలో వచ్చాయి. ఈ సంస్థ వినసొంపైన సంగీతమే చేస్తుందన్న మాటకు లాఖెన్‌మన్ రికార్డులే సమాధానం.

1994లో వచ్చిన ‘ఒఫిషియం’ కథ వేరు. మధ్యయుగాల, పునరుజ్జీవన కాలపు చర్చి గీతాలను హిలియర్డ్ బృందం పాడుతుంటే, నార్వే శాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గార్బరెక్ వాటి మీదుగా స్వేచ్ఛగా ఆలపించారు. ఆస్ట్రియాలోని సాంక్ట్ గెరోల్డ్ మఠంలో చేసిన ఈ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. ప్రాచీన సంగీత పండితుల్లో కొందరు ముఖం చిట్లించినా, శ్రోతలు మాత్రం వదల్లేదు.

భారతీయ సంగీతంతో ఈ సంస్థకు ఉన్న బంధం న్యూ సిరీస్‌లో కాదు, ప్రధాన విభాగంలో ఉంది. ఎల్. శంకర్ వయొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించిన ‘హూజ్ టు నో’ 1981లో, హరిప్రసాద్ చౌరాసియా, జాకిర్ హుస్సేన్ పాల్గొన్న ‘మేకింగ్ మ్యూజిక్’ 1987లో వచ్చాయి.

బహుమతులు, అభ్యంతరాలు

అమెరికాలో గ్రామీ పురస్కారాలు ఈసీఎం పేరును పదే పదే పలికాయి. 2002లో శాస్త్రీయ విభాగంలో ఉత్తమ నిర్మాతగా ఐషర్‌కే గ్రామీ వచ్చింది. స్వరకర్తలు కుర్తాగ్, లిగెటిల వయోలా రచనల రికార్డుకు వయోలా వాద్యకారిణి కిమ్ కష్కాషియన్ 2013లో, ప్యార్ట్ ‘ఆదమ్స్ లామెంట్’కు సంగీత సంచాలకుడు తోను కల్యుస్తె 2014లో అందుకున్నారు. 2012 నవంబరులో మ్యూనిక్‌లోని హౌస్ డెర్ కున్‌స్ట్ ఈ సంస్థ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. ఒక రికార్డు కంపెనీ పనిని ఆధునిక కళగా లెక్కించి ప్రదర్శనశాలలో చూపించడం విమర్శకుల మెప్పుకు పరాకాష్ఠ.

అభ్యంతరాలకూ బలముంది. అన్ని రికార్డులూ ఒకే రాతి గుడిలో చేసినట్టు మారుమోగుతాయని, ఏ స్వరకర్తైనా చివరికి ఐషర్ అభిరుచి రంగులోకి మారిపోతాడని కొందరు రాశారు. మంచు కప్పిన మైదానాలు, బూడిదరంగు సముద్రాలు ఉన్న అట్టలు కూడా సంగీతానికి ముందే ఒక భావాన్ని శ్రోత మీద రుద్దుతాయన్నది మరో మాట. ప్యార్ట్ వంటివారిని కలిపి ‘హోలీ మినిమలిజం’ (పవిత్ర మితత్వం) అని కొందరు విమర్శకులు పెట్టిన పేరులోనూ ఎద్దేవా ఉంది. మారుమోగడం గురించిన ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే హాలు నాదాన్ని కూడా రచనలో భాగంగా రాసే ప్యార్ట్ విషయంలో అది వర్తించదు.

కుర్తాగ్ రికార్డులు ఈ ఫిర్యాదుకు సరైన పరీక్ష. 1926లో పుట్టిన ఈ హంగేరియన్ స్వరకర్త రచనలు కొన్ని నిమిషం కూడా ఉండవు. ఒక్కో స్వరం ఎండుపుల్ల విరిగినంత పొడిగా పడాలి. 1997లో వచ్చిన ‘యాతేకోక్’లో కుర్తాగ్, భార్య మార్తా ఒకే పియానో ముందు పక్కపక్కన కూర్చుని, తన చిన్న చిన్న రచనల మధ్య తాను పియానో కోసం మార్చి రాసిన బాఖ్ రచనలను అల్లుతూ వాయించారు. అక్కడ మారుమోత లేదు. మీటలు కదిలే సవ్వడి కూడా వినిపించేంత దగ్గరగా ఉంటుంది. 2017లో రైన్‌బెర్ట్ డె లేవ్ ఆధ్వర్యంలో ఆస్కో షోన్‌బెర్గ్ బృందం, కుర్తాగ్ వాద్యబృంద, బృందగాన రచనలన్నిటినీ మూడు డిస్కులుగా పూర్తి చేసింది. కొన్నేళ్లపాటు సాగిన ఆ పని వాద్యకారులకూ విమర్శకులకూ ఈనాటికీ ప్రమాణంగా ఉంది. అదే ఏడాది నవంబరులో, సంగీతాన్ని రికార్డు మొత్తంగా వినాలని పట్టుబడుతూ వచ్చిన ఈసీఎం, తన జాబితా అంతటినీ మొదటిసారి స్ట్రీమింగ్ సేవల్లో పెట్టింది.