కాలింది, కాల్చారు, కాల్పులు జరిగాయి

పెనుబల్లిలో మా అమ్మమ్మ వంటింట్లో నీళ్ళు కాగేవి, రొట్టె కాలేది, అన్నం మాడేది, తాలింపు వేగేది. పచ్చిమిరపకాయలు తరిగితే చేతులు మండేవి. మిట్టమధ్యాహ్నం చేనుకు పోయొస్తే మొహం కమిలేది. ఇందులో ఏ మాటా ఇంకోదాని చోట కూర్చోదు. నీళ్ళు కాలవు, రొట్టె కాగదు. నేను పొయ్యి దగ్గర చెయ్యి పెట్టి ఏడిస్తే అమ్మమ్మ రెండు రకాలుగా అడిగేది. తను చెప్పకముందే జరిగితే "చెయ్యి కాలిందా నాయనా?" అని. అటు పోవద్దని చెప్పాక జరిగితే "కాల్చుకున్నావేందిరా?" అని. బొబ్బ ఒకటే. రెండో ప్రశ్నలో మాత్రం తప్పు నాది.

ఈ తేడా చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసులో మళ్ళీ ఎదురైంది. తెలుగు వార్తల్ని వెతికే ఒక సెర్చ్ కోసం పర్యాయపదాల జాబితా తయారు చేస్తున్నాం. కాల్చు, తగలబెట్టు, నిప్పుపెట్టు, దగ్ధం, దహనం అన్నిటినీ ఒకే గుంపులో పడేశాను. నిఘంటువు ఒప్పుకుంటుంది కూడా. కానీ వచ్చిన ఫలితాలు చదువుతుంటే ఇబ్బందిగా అనిపించింది. "గుడిసెలు దగ్ధం" అన్న శీర్షికలో నిప్పు తనంతట తానే వచ్చి పోయినట్టు ఉంటుంది. "గుడిసెలు తగలబెట్టారు" అంటే ఎవరో ఉన్నారు, వాళ్ళని పట్టుకోవాలి. అదే మంట. ఏ మాట వాడామన్నదే అది ప్రమాదమా, నేరమా అన్నది సగం తేల్చేస్తుంది. మా వైపు అడవుల చరిత్రలో ఈ సగం ఎంత పెద్దదో తర్వాత అర్థమైంది.

పెనుబల్లి అడవి అంచున ఉన్న ఊరు. ఒకవైపు సత్తుపల్లి పొలాలు, ఇంకోవైపు భద్రాచలం దాకా సాగే అడవులు. ఆ అడవుల్లో కోయలు, కొండరెడ్లు తరతరాలుగా చేసిన సేద్యం పోడు. కొండవాలు మీద చెట్లు నరికి ఎండబెడతారు. వానలకు ముందు నిప్పు పెడతారు. తొలకరికి ఆ బూడిదలో సామ, జొన్న, కంది లాంటివి వేస్తారు. రెండు మూడేళ్ళకు సారం తగ్గితే ఆ చోటు వదిలేసి ఇంకో చోటికి పోతారు, అడవి మళ్ళీ పెరుగుతుంది. నిజాం రాజ్యంలో గోదావరి ఒడ్డు కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన పుస్తకంలో ఈ సేద్యాన్ని వివరంగా రాశాడు.

ఇక్కడ మాట గమనించండి. పోడు చేసేవాళ్ళు "పోడు కాల్చాం" అని పెద్దగా అనరు. "పోడు కొట్టుకున్నాం" అంటారు. వాళ్ళ క్రియలో ఉన్నది గొడ్డలి, పని, చెమట. నిప్పు ఆ పనిలో ఒక మెట్టు, అంతే. బయటివాళ్ళు మాత్రం "అడవిని తగలబెడుతున్నారు" అన్నారు. చట్టం కూడా బయటివాళ్ళ వైపు నుంచే చూసింది. భద్రాచలం ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా తూర్పు గోదావరిలో ఉండేది. అక్కడ నడిచింది 1882 మద్రాసు అటవీ చట్టం. ఖమ్మం వైపు నిజాం చట్టాలు. ఆ తర్వాత రెండు వైపులకీ 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. రాజులు, రాష్ట్రాలు మారినా రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరంగానే ఉండిపోయింది. కొట్టుకోవడం తగలబెట్టడంగా మారిన చోట రైతు ముద్దాయి అయ్యాడు.

ఇప్పుడు అదే కాల్చు క్రియ రెండో పని చూద్దాం. రొట్టె కాల్చడం, చుట్ట కాల్చడం, తుపాకి కాల్చడం. మూడోది వింతేమీ కాదు. పాతకాలపు తుపాకికి ఒత్తి అంటించి మందు మండిస్తేనే గుండు బయటికొచ్చేది. తమిళంలోనూ కాల్చడానికి, తుపాకి పేల్చడానికి సుడు అన్న ఒకటే మాట. కానీ తెలుగులో ఆ క్రియ తుపాకి దగ్గర ఆగలేదు, మనిషి మీదికొచ్చింది. అడవి కట్టుబాట్లు, పోడు మీద ఆంక్షలు మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. 1922లో మొదలైన ఆ తిరుగుబాటు చివరికి 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపడంతో చల్లబడింది. పోడు కాల్చినందుకు మొదలైన తగువు మనిషిని కాల్చడం దాకా వచ్చింది. క్రియ మారలేదు, కర్మ మారింది.

తర్వాత ఆ క్రియ కూడా మాయమై నామవాచకం వచ్చింది: కాల్పులు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది, ఇంకా చాలా ఎక్కువని మిగతావాళ్ళు చెప్పారు. 2007 జులై 28న మా ఖమ్మం జిల్లా ముదిగొండలో భూపోరాట బంద్ రోజున కాల్పులు జరిగాయి. వానలు కురిసినట్టు, జాతర జరిగినట్టు కాల్పులు "జరుగుతాయి". దాని ముందు "ఎదురు" అన్న మూడక్షరాలు చేరిస్తే ఇంకా సులువు: చనిపోయినవాడే ముందు కాల్చాడన్న వాదన విచారణ లేకుండానే మాటలోకి ఎక్కేస్తుంది. ఈ అడవి జిల్లాల్లో పెరిగినవాళ్ళు పేపర్లో ఎదురుకాల్పులు అన్న మాట ఎన్నిసార్లు చదివి ఉంటారో!

అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనుల భూమికి హక్కు ఇస్తానంది. తెలంగాణలో 2023 జూన్‌లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు పోడు భూమి అంటే చాలాచోట్ల నాగలి దున్నే పత్తి చేను. నిప్పు ఎప్పుడో ఆరిపోయింది, పేరు మిగిలింది, కేసులు కూడా మిగిలాయి.

నా జాబితాను చివరికి విడదీశాను. దగ్ధం ఒక చోట, తగలబెట్టడం ఇంకో చోట, కాల్పులు వేరే. సెర్చ్‌లో ఫలితాలు కొంచెం తగ్గాయి. సహోద్యోగి ఒకాయన, అన్నీ ఒకటే కదా, ఎందుకు విడదీశావని అడిగాడు. అన్నం కాగిందని ఎవరైనా అంటారా అని అడిగాను. నవ్వాడు. మిగతా కథ అక్కణ్ణుంచి మొదలుపెట్టి చెప్పాను.