పొంగుకు చోటు

1814 అక్టోబరు 17, సోమవారం. లండన్‌లోని టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డు మూలన ఉన్న హార్స్ షూ బ్రూవరీలో సాయంత్రం నాలుగున్నరకు గోదాము గుమాస్తా జార్జ్ క్రిక్ కంట ఓ చిన్న విషయం పడింది. 22 అడుగుల ఎత్తున్న చెక్క తొట్టి చుట్టూ బిగించిన ఇనుప పట్టీల్లో ఒకటి జారిపోయింది. ఆ ఒక్క పట్టీ బరువే 320 కిలోలు. అలా జారడం అక్కడ ఏడాదికి రెండు మూడుసార్లు మామూలే. పైవాళ్లకు చెబితే, ఏం కాదులే, తర్వాత బాగు చేయించమని చీటీ రాసిపెట్టు అన్నారు. గంట గడిచింది. రాసిన చీటీ ఇంకా క్రిక్ చేతిలోనే ఉంది. తొట్టి పగిలింది.

అందులో ఉన్నది పది నెలలు మాగిన పోర్టర్ బీరు, 3,555 బ్యారెళ్లు. మన లెక్కలో 5.8 లక్షల లీటర్లు. ఆ తాకిడికి పక్క తొట్టి కుళాయి ఊడింది, బ్రూవరీ వెనక గోడ కూలింది. గోడ అవతల ఉన్నది సెయింట్ జైల్స్ పేదల వాడ. నేలమాళిగలో ఓ రెండేళ్ల పసివాడి శవం దగ్గర కూర్చున్న ఐదుగురు, పబ్బు పెరట్లో గిన్నెలు తోముతున్న 14 ఏళ్ల పనిపిల్ల, మరో ఇద్దరు చనిపోయారు. ఎనిమిది మందీ ఆడవాళ్లూ పిల్లలే. జనం దోసిళ్లతో బీరు తాగి చిందులేశారన్న కథ తర్వాతెప్పుడో పుట్టింది, ఆనాటి పత్రికల్లో ఆ ఊసే లేదు. విచారణ జరిపిన జ్యూరీ దీన్ని ప్రమాదవశాత్తూ జరిగినదిగా తేల్చింది. మునిగిపోబోతున్న కంపెనీకి పార్లమెంటు 7,250 పౌండ్ల ఎక్సైజు సుంకం వాపసు ఇచ్చింది.

అసలు అంత పెద్ద తొట్టి ఎందుకు? పోర్టర్ అంటే లండన్ హమాలీల బీరు, పేరు కూడా వాళ్ల నుంచే వచ్చింది. పులవడంలో మొదటి ఉధృతి తగ్గాక ఆ బీరును నెలల తరబడి మాగబెట్టేవారు. పాత్ర ఎంత పెద్దదైతే లీటరు బీరుకు తగిలే చెక్క, గాలి అంత తక్కువ. రుచి కూడా ఊరంతటికీ ఒకేలా వస్తుంది. దానికి తోడు దర్జా! బ్రూవరీ యజమాని హెన్రీ మ్యూక్స్ తండ్రి రిచర్డ్ అప్పటికే మరో బ్రూవరీలో 20,000 బ్యారెళ్ల తొట్టి కట్టించి లండన్‌లో అదే పెద్దదనిపించుకున్నాడు. కొడుకు ఆ బాటే పట్టాడు.

ఇప్పుడు బ్రిటన్‌లో ఎవరైనా వంటింటి మూల బీరు పులియబెడితే ఆ పాత్ర ప్లాస్టిక్ బకెట్టే. అయినా కొలత గొడవ పోలేదు. పాత్ర ఎంతుండాలన్నది పూర్తిగా బీరు నిర్ణయించిందీ కాదు.

1880లో బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) మీద పన్ను ఎత్తేస్తూ ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకు లైసెన్సు పెట్టింది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని రద్దు చేశాడు. అమ్మనంతవరకు ఎంతైనా చేసుకోవచ్చు. బ్రిటన్ దుకాణాల్లోకి వచ్చిన మాల్టు డబ్బాల మీద 40 పైంట్లు అన్న లెక్క స్థిరపడింది. అంటే ఐదు ఇంపీరియల్ గ్యాలన్లు, దాదాపు 23 లీటర్లు.

అమెరికాలోనూ మాట ఐదు గ్యాలన్లే, కానీ ఆ గ్యాలన్ చిన్నది. ఐదు కలిపితే 19 లీటర్లు. మంచినీళ్లు సరఫరా చేసే గాజు సీసాల కొలత అది. వాటిని కార్బాయ్‌లంటారు, ఆ మాటకు మూలం పారసీకం. చల్లటి పానీయాల కంపెనీలు వాడి వదిలేసిన స్టీలు డబ్బాలదీ అదే కొలత. అలా చేతికందిన పాత్రలే అక్కడ అలవాటయ్యాయి. మద్యనిషేధం 1933లో ముగిసినా ఇంటి బీరుకు మాత్రం అనుమతి రాలేదు. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చట్టం మీద సంతకం చేశాకే దారి తెరుచుకుంది. ఏడాదికి ఒక్కరే పెద్దవారున్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200. ఐదు గ్యాలన్ల చొప్పున చేస్తే ఇంటికి నలభై విడతలు. అదే డిసెంబరులో కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్, చార్లీ మాట్జెన్ కలిసి ఇంటి బీరు తయారీదార్ల సంఘం పెట్టారు.

సరే, 19 లీటర్ల బీరుకు 19 లీటర్ల పాత్ర సరిపోదా? ఎండాకాలంలో ఇడ్లీ పిండిని గిన్నె అంచుదాకా నింపి పడుకున్నవారిని అడగాలి. 19 లీటర్ల మామూలు ఏల్ బీరులో రెండున్నర కిలోల దాకా మాల్టు సారం ఉంటుంది. అందులో ఈస్టు తినేది కిలోన్నర. దాన్లో దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ వాయువును కొలిస్తే సుమారు 400 లీటర్లు! అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే నురగను తోసుకుంటూ పైకొస్తుంది. మూతకున్న సన్నటి గొట్టం నురగతో పూడుకుపోతే మూత ఎగిరి కప్పుకు తగలడం, గోడంతా గోధుమరంగు మరకలు కావడం ఈ సరదా ఉన్నవాళ్లకు కొత్త కాదు.

అందుకే అమెరికాలో 19 లీటర్లకు 25 లీటర్ల బకెట్, బ్రిటన్‌లో 23 లీటర్లకు 30 లీటర్ల దాకా పట్టే బకెట్ తీసుకుంటారు. గోధుమ బీరు, ఘాటు బీరు అయితే ఇంకాస్త ఖాళీ వదలాలి. ఖాళీ లేకపోతే లావుపాటి రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొసను నీళ్ల చెంబులో ముంచాలి. ఈ ఉపాయం కూడా కొత్తదేం కాదు. 1838లో పీటర్ వాకర్ పేటెంటు తీసుకున్న బర్టన్ యూనియన్ పద్ధతిలో పీపాల వరస మీదుగా హంసమెడ గొట్టాల్లోంచి నురగ పై తొట్టిలోకి పొర్లేది. మార్స్టన్స్ బ్రూవరీ దాన్ని 2024 దాకా వాడింది.

మాగబెట్టేటప్పుడు లెక్క తలకిందులవుతుంది. పొంగు చల్లారాక ఖాళీ జాగాలో నిలిచే గాలి బీరును పాడుచేస్తుంది. అప్పుడు పాత్ర మెడదాకా నిండాలి. మొదటి పాత్ర పెద్దది, రెండోది చిన్నది అన్న పద్ధతి దీన్నుంచే వచ్చింది. ఈ రెండో పాత్ర చాలామందికి అక్కర్లేదనే చెప్పాలి. రెండు మూడు వారాల్లో తాగేసే బీరును పాత్ర మార్చడమంటే దానికి గాలి పట్టించడమే.

మొదటిసారి చేసేవారిలో కొందరు ఒక గ్యాలన్ జాడీ కొంటారు. మడ్డి వదిలేస్తే దాన్లోంచి పట్టుమని పది సీసాలు రావు. కడగడం, కాచడం, చల్లార్చడం మాత్రం యాభై సీసాలకు ఎంతో పదింటికీ ఇంచుమించు అంతే. అటు చూస్తే, నిండిన 23 లీటర్ల బకెట్ బరువు 24 కిలోలు దాటుతుంది. తడి చేతుల్లోంచి గాజు కార్బాయ్ జారితే ఆసుపత్రే. ఒక్కరు ఎత్తగలిగినంతే కొనాలి, గాజు కన్నా ప్లాస్టిక్ మేలు.

ఇక చట్టం మాట. అమెరికా రాష్ట్రాల్లో చివరగా అలబామా, మిసిసిపి 2013లో ఇంటి బీరుకు అనుమతిచ్చాయి. మన దగ్గర మాత్రం హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం ఎక్సైజు చట్టం కింద నేరం, బకెట్ ఐదు లీటర్లదైనా సరే.