1954 డిసెంబర్ 22: కిమురా, రికిడోజాన్, ఒక దాచిన పేరు



మన హాస్టళ్లలో రెజ్లింగ్ పిచ్చి లేనివాళ్లు తక్కువ. ఆదివారం టీవీ గదిలో డబ్ల్యూడబ్ల్యూఈ వస్తుంటే అన్నం గంట కొట్టినా ఎవరూ లేవరు. బ్రాక్ లెస్నర్ ఎదుటోడి చెయ్యి వెనక్కి మెలేసి పట్టు బిగిస్తే "కిమురా లాక్!" అని అందరం ఒకేసారి అరిచేవాళ్లం. చిన్న తరగతుల తమ్ముళ్లు మంచాల మీద ఆ పట్టు వేసుకుని తిట్లు కూడా తిన్నారు. కానీ కిమురా అనేది ఒక మనిషి పేరని మాలో ఎవరికీ తెలియదు. తెలిశాక ఆ మనిషి ఎవరా అని వెతుక్కుంటూ పోయి, 1954 డిసెంబర్ 22 రాత్రి టోక్యోలో జరిగిన ఒక టైటిల్ మ్యాచ్ దగ్గర ఆగిపోయాం. ఆ రాత్రి గురించి, దానికి ముందు పది నెలల్లో పెరిగిన పగ గురించి ఈ పోస్టు. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

ముందే ఒక మాట. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటారు. దెబ్బలు తగులుతాయి, నొప్పీ ఉంటుంది, కానీ ఫలితం మాత్రం ఒప్పందం. ఇది గుర్తు పెట్టుకోకపోతే కింద జరిగిన గొడవ అర్థం కాదు.

మసహికో కిమురా 1917లో కుమమోతో ప్రాంతంలో పుట్టాడు. తండ్రి నదిలో ఇసుక, కంకర తీసి బతికే కూలి. చిన్నప్పుడు కిమురా కూడా ఆ పనిలో సాయం చేసేవాడు. అతని జూడో చూసి ఒక గురువు టోక్యోకు తీసుకెళ్లి తకుషోకు యూనివర్సిటీలో చేర్పించాడు. 1937 నుంచి వరసగా మూడేళ్లు జపాన్ అంతటికీ ఛాంపియన్. కిమురాకు ముందు కిమురా లేడు, తర్వాత కిమురా లేడు అని అక్కడివాళ్లు చెప్పుకునేవారు. యుద్ధం అయ్యాక జూడోతో బతుకు గడవలేదు. భార్యకు క్షయ, మందులకు డబ్బు కావాలి. అందుకే డబ్బులిచ్చే ఆటలకు దిగాడు. 1951 అక్టోబర్ 23న బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో హెలియో గ్రేసీ చెయ్యి మెలేసి గెలిచాడు. ఎంత నొప్పి పుట్టినా గ్రేసీ ఓటమి ఒప్పుకోలేదు, చివరికి అతని అన్న తువ్వాలు విసిరి ఆట ఆపాడు. ఆ పట్టుకే ఇప్పుడు కిమురా అని పేరు.

ఇక రెండో మనిషి రికిడోజాన్. సూమోలో సెకివాకె దాకా ఎక్కాడు, అంటే పైనుంచి మూడో మెట్టు. 1950లో ఉన్నట్టుండి తన జుట్టుముడి తానే కోసేసుకుని సూమో వదిలేశాడు. సూమో మల్లుడు ముడి కోసుకోవడం అంటే ఇక వెనక్కి రానని చెప్పడమే. తర్వాతి ఏడాది రెజ్లింగ్‌లో దిగాడు, హవాయి, అమెరికా తిరిగి పని నేర్చుకున్నాడు. 1953లో తిరిగొచ్చి జపాన్ ప్రో రెజ్లింగ్ సంఘం పెట్టించాడు. కిమురా వట్టి ఆటగాడు. రికిడోజాన్ ఆటగాడే కాదు, ఆటను నడిపే మనిషి కూడా. ఈ తేడా ముందు ముందు పనికొస్తుంది.

ఇద్దరూ మొదట ఒకే జట్టు. 1954 ఫిబ్రవరి 19న టోక్యోలోని కురమాయె కొకుగికాన్ హాల్లో ఇద్దరూ కలిసి షార్ప్ బ్రదర్స్‌తో తలపడ్డారు. బెన్ షార్ప్, మైక్ షార్ప్ అన్నదమ్ములు, జోడీ ఆటలో ప్రపంచ ఛాంపియన్లు, పర్వతాల్లాంటి మనుషులు. జపాన్‌లో టీవీ మొదలై అప్పటికి ఏడాదే. 1953లో షార్ప్ కంపెనీ టీవీ ధర 1,75,000 యెన్లు, మామూలు ఇంట్లో కొనే మాటే లేదు. అందుకని నిప్పాన్ టీవీ వాళ్లు స్టేషన్ల ముందు, కూడళ్లలో స్తంభాలు పాతి టీవీలు పెట్టారు. షింబాషి స్టేషన్ ముందు వేలమంది నిలబడి ఈ ఆట చూశారు. మన ఊళ్లలో పంచాయతీ టీవీ ముందు ఒకప్పుడు ఊరంతా కూర్చున్నట్టు అనుకోండి.

ఎందుకంత జనం? యుద్ధంలో ఓడిన దేశం అది. అమెరికా సైన్యం పాలన 1952 ఏప్రిల్‌లోనే ముగిసింది. రెండేళ్లు కూడా కాకముందే ఒక జపాన్ మనిషి అరచేతి అంచుతో తెల్లవాళ్లను కొట్టి పడేస్తున్నాడు. జనానికి అది వట్టి ఆటగా కనిపించలేదు. మాకు నవ్వొచ్చిన విషయం ఏంటంటే, ఆ షార్ప్ అన్నదమ్ములు అమెరికన్లే కాదు, కెనడావాళ్లు. ఆ విషయం ఎవరికీ పట్టలేదు.

కానీ ఆ సంబరంలో కిమురా వాటా ఏంటి? రింగులో దెబ్బలు తినడం అతని వంతు, ఆఖర్లో దూకి కాపాడటం రికిడోజాన్ వంతు. తర్వాత ఊరూరా తిరిగిన ఆటల్లోనూ ఇదే వరస. ఒకప్పుడు దేశంలో ఎదురు లేని మనిషి, ఇప్పుడు హీరో పక్కన దెబ్బలు తినే తోడుగాడు. కిమురా విడిపోయి కుమమోతోలో సొంత సంఘం పెట్టుకున్నాడు. ఒసాకాలో తొషియో యమగుచి అనే ఇంకో జూడో మనిషి సంఘం ఉంది. టోక్యో, ఒసాకా, కుమమోతో, మూడు చోట్ల ముగ్గురు. అప్పటికి దేశానికంతటికీ ఒక ఛాంపియన్ అంటూ లేడు.

1954 నవంబర్ మొదట్లో అసాహి పత్రికలో కిమురా మాటలు వచ్చాయి. రికిడోజాన్ రెజ్లింగ్ అంతా చేతులు ఊపే ప్రదర్శన, నిజంగా పోటీ పడితే తను ఓడనని సారాంశం. రికిడోజాన్ సరే అన్నాడు. జపాన్ హెవీవెయిట్ మొదటి టైటిల్ పోటీగా దాన్ని ప్రకటించారు. బహుమతి 15 లక్షల యెన్లు, గెలిచినవాడికి 70 శాతం, ఓడినవాడికి 30. గడువు 61 నిమిషాలు, మూడింటిలో రెండు గెలవాలి. ముసాషి, కొజిరో అనే ఇద్దరు కత్తివీరులు వందల ఏళ్ల కింద గన్‌ర్యూ దీవిలో తలపడిన కథ అక్కడ పిల్లలకు కూడా తెలుసు. పత్రికలు ఈ మ్యాచ్‌కు ఈ కాలపు గన్‌ర్యూజిమా అని పేరు పెట్టాయి. ఆ కథలో ఒకడే బతికి బయటపడతాడు.

బయట ఇంత వేడి. లోపల మాత్రం ఒప్పందం జరిగిందని కిమురా తర్వాత తన ఆత్మకథలో రాసుకున్నాడు. మొదటి ఆట సమానం, తర్వాతి గెలుపు కాగితం-రాయి-కత్తెర వేసుకుని తేల్చుకోవడం, ఆ తర్వాత కూడా అదే పద్ధతి. మొదటి ఆట సమానం చేద్దామని కిమురా కాగితం రాసి రికిడోజాన్‌కు ఇచ్చాడు. అటు నుంచి అలాంటి కాగితం ఇటు రాలేదు. మాట మీద నమ్మకంతో కాగితం అడగకపోవడం, ఆనక మునగడం. మన పెద్దవాళ్ల భూముల కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

డిసెంబర్ 22న కురమాయె హాలు కిక్కిరిసింది. మొదట కాసేపు పట్లు, విసుర్లు, మామూలు ప్రదర్శనే. తర్వాత కిమురా కాలు రికిడోజాన్ తొడల మధ్య తగిలింది, తగిలినట్టు కనిపించింది. అంతే, రికిడోజాన్ మనిషి మారిపోయాడు. ముఖం మీద, మెడ మీద వరసగా దెబ్బలు, కింద పడ్డవాడి తల మీద కాలితో తన్నులు. కిమురా చేతులు దించే ఉన్నాయి, ఇది ఇంకా నాటకమే అనుకున్న మనిషిలా. నోటి నుంచి రక్తం కారుతూ రింగులో బోర్లా పడిపోయాడు. 15 నిమిషాల 49 సెకన్లకు ఆట ఆపేశారు. హాలు సంబరంతో కాదు, భయంతో నిశ్శబ్దమైంది అంటారు.

ముందు నువ్వే తన్నావని రికిడోజాన్ వాదన. ముందే అనుకుని మోసం చేశావని కిమురా వాదన. పైగా కిమురా రాసిచ్చిన కాగితాన్ని రికిడోజాన్ పత్రికల ముందు బయటపెట్టాడు. సమానం చేద్దామని అడిగింది ఇతనే చూడండి అన్నాడు. ఓడినవాడి చేతిరాత ఓడినవాడి మీదే సాక్ష్యం అయింది. రింగు పక్కన కిమురా మనిషిగా ఉన్న కరాటే గురువు మాస్ ఒయామా కోపంతో ఊగిపోయాడు. తర్వాత పెద్దమనుషులు రాజీ చేశారు. మళ్లీ పోటీ మాత్రం ఎప్పటికీ జరగలేదు. 1955 జనవరిలో ఒసాకాలో యమగుచిని కూడా రికిడోజాన్ ఓడించాడు. ఆ నవంబర్‌లో అదే కురమాయెలో కింగ్ కాంగ్‌ను ఓడించి ఆసియా టైటిల్ తీసుకున్నాడు. ఈ కింగ్ కాంగ్ మన దేశంలో దారాసింగ్‌తో తలపడిన మనిషే. 1957లో లూ థెజ్‌తో ఆడిన మ్యాచ్‌ను టీవీలు ఉన్న ఇళ్లలో 87 శాతం చూశాయి. ఇక జపాన్ అంటే రికిడోజాన్, రికిడోజాన్ అంటే జపాన్.

ఇప్పుడు అసలు విషయం. ఆ రికిడోజాన్ జపాన్ మనిషి కాదు. పుట్టింది కొరియాలో, ఇప్పటి ఉత్తర కొరియా భాగంలో. అమ్మానాన్న పెట్టిన పేరు కిమ్ సిన్‌రాక్. కొరియా 1910 నుంచి 1945 దాకా జపాన్ చేతిలో ఉంది. ఆ కాలంలో సూమో కోసం పిల్లాడిగా వచ్చాడు. మొదట్లో సూమో పట్టీలో ఊరి చోట కొరియా అని ఉండేది, తర్వాత నాగసాకి అని మారింది. రికార్డుల్లో మిత్సుహిరో మోమొటా అయ్యాడు, ఒమురా ఊరివాడు అయ్యాడు. 1952లో కొరియన్లకు జపాన్ పౌరసత్వం తీసేశారు. వాళ్లను చిన్నచూపు చూడటం మామూలు విషయం. అలాంటి దేశానికి పరువు నిలబెట్టే హీరో కావాల్సి వచ్చినప్పుడు దొరికింది ఒక కొరియన్ కుర్రాడు, కానీ ఆ సంగతి చెప్పకూడదు. గది తలుపు వేసుకుని రేడియోలో కొరియా పాటలు వినేవాడని దగ్గరివాళ్లు తర్వాత చెప్పారు. ఇంకో సంగతి, కిమురా తరఫున కోపంతో ఊగిన ఒయామా కూడా కొరియాలోనే పుట్టాడు.

1963 డిసెంబర్‌లో టోక్యోలో ఒక నైట్‌క్లబ్‌లో రికిడోజాన్‌ను కత్తితో పొడిచారు. వారం తర్వాత 39 ఏళ్లకే చనిపోయాడు. అతని అసలు పేరు జపాన్ మామూలు జనానికి తెలిసింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. కిమురా తను చదివిన యూనివర్సిటీకే తిరిగి వెళ్లి జూడో నేర్పాడు. అతని శిష్యుడు ఒకరు 1971లో జపాన్ ఛాంపియన్ అయ్యాడు. కిమురా 1993లో పోయాడు. ఆ రాత్రి మాత్రం చివరిదాకా మరిచిపోలేదు.

మేము దీని మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. సగం మంది రికిడోజాన్ మోసగాడు అన్నారు. మిగతా సగం, ఓడితే అతనికి పోయేది బెల్టు ఒక్కటే కాదు కదా అన్నారు. ఓడిన హీరో గురించి జనం వాడెవడు, ఎక్కడివాడు అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకూడదు కాబట్టే ఓడటానికి భయపడి ఉంటాడని వాళ్ల వాదన. అతని మనసులో ఏముందో మనం చెప్పలేం. కొట్టిన దెబ్బలను ఆ భయం ఒప్పు చేయదు కూడా. కానీ ఆ భయం ఎలా ఉంటుందో మాలో చాలామందికి తెలుసు.

కాలేజీలో మొదటి ఏడాది ఊరేది అని అడిగితే మేము గూడెం పేరు చెప్పలేదు, బస్సు దిగే టౌను పేరు చెప్పాం. ఇంట్లో ఫోన్ వస్తే మన భాషలో మాట్లాడటానికి వరండా చివరికి వెళ్లాం. ఎవరూ వెళ్లమని చెప్పలేదు. మార్కులు బాగా వచ్చినప్పుడు కూడా, ఇప్పుడు అడుగుతారేమో అని ఒక చిన్న బెదురు ఉండేది. గెలిచిన రోజు కూడా తలుపు వేసుకుని పాట వినాల్సి వస్తే ఆ గెలుపులో సగం మనది కాదు.

ఈ ఏడాది హాస్టల్‌కు కొత్తగా వచ్చిన తమ్ముడిని మెస్ దగ్గర ఊరేదని అడిగితే టౌను పేరు చెప్పాడు. నవ్వి, మా గూడేల పేర్లు ఒక్కొక్కరం చెప్పాం. కాసేపు ఊరుకుని వాడూ వాడి గూడెం పేరు చెప్పాడు. పది ఇళ్లు అంట, వాగు దాటి నడవాలి అంట. ఆ రాత్రి వాడికి కిమురా పట్టు నేర్పించాం, కిమురా కథతో సహా.

మీ హాస్టళ్లలో ఈ కథ చెప్పండి. రికిడోజాన్ తప్పా, కిమురా తప్పా, మీ వాదన ఏంటో కింద రాయండి.

జోహార్.