మద్దిచెట్టు మీది శాస్త్రం

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పని దొరికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరలిపోయినవారి మనవలు, మునిమనవలు ఇప్పుడు అక్కడివాళ్లే అయిపోయారు. బిస్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. ఆ ఊరి ఇనుము కథ వాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరు దాటి పడమరగా ఖర్సావాన్, కుచాయ్, చాయిబాసాల వైపు వెళ్తే మొదలయ్యే పట్టు కథ మాత్రం అంతగా ఎవరి చెవినా పడలేదు. ఆ వైపు సింగ్‌భూమ్ అడవుల్లో మద్దిచెట్ల మీద బతికే దసలి పట్టుపురుగు గురించి లండన్ మొదలుకొని రాంచీ దాకా రెండు వందల ఏళ్లుగా పండితులు రాస్తూనే ఉన్నారు. వాళ్ల సంఘాల సభ్యుల పట్టీల్లో ఆ పురుగును పెంచిన హో, సంతాల్ ఆదివాసీల పేర్ల కోసం వెతకడం దండగ.

దసలి అన్నా టసర్ అన్నా ఒకటే. మల్బరీ పురుగు మనిషి ఇంట్లో తట్టల్లో పెరుగుతుంది, ఎగరడం కూడా మరిచిపోయింది. దసలి పురుగు అలా లొంగలేదు. నల్లమద్ది, తెల్లమద్ది, సాల చెట్ల ఆకు తిని, ఎండకూ వానకూ ఓర్చి, కొమ్మకు గట్టి తొడిమ వేసుకుని కోడిగుడ్డంత కాయ కడుతుంది. ఆ తొడిమ చివర ఉంగరంలా రెమ్మను చుట్టుకుని ఉంటుంది. గాలివానకు ఆకు రాలినా కాయ రాలదు. మల్బరీ పోగు మందం రెండు మూడు డెనియర్లుంటే దసలి పోగు ఎనిమిది, పది, పన్నెండు దాకా పోతుంది. రంగు తేనె ఛాయ. పురుగు వదిలే స్రావంలోని సున్నపు లవణాలూ, టానిన్లూ కాయను చెక్కలా బిగదీస్తాయి. పరిశోధకులను ముప్పుతిప్పలు పెట్టింది ముఖ్యంగా ఆ గట్టిదనమే.

ఈ పురుగును విజ్ఞాన సంఘం ముందుకు శ్రద్ధగా తెచ్చినవారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. మనకు ఆయన పరాయివాడేమీ కాదు. 1780లలో సామర్లకోటలో ఉండి గోదావరి ప్రాంతపు మొక్కల బొమ్మలు గీయించి, వాటిని వర్ణించి, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి పునాది వేసిన వైద్యుడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. బెంగాల్ దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద ఆయన రాసిన పత్రం 1804లో లండన్ లిన్నియన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. నల్లమద్ది, తెల్లమద్ది, సాల, అంటే పురుగు తినే మూడు ముఖ్యమైన చెట్ల శాస్త్రీయ నామాల చరిత్రలోనూ ఆయన పేరుంది. పురుగునూ చెట్టునూ కలిపి చూసిన చూపు అది. తరువాతి వందేళ్లలో చాలామంది పండితులకు పురుగు కనబడింది, నూలు కనబడింది, చెట్టు కనబడలేదు.

నూలు కనబడినవాళ్లలో అందరికన్నా పట్టుదల ఉన్నవాడు థామస్ వార్డిల్. ఇంగ్లండ్‌లోని లీక్ పట్టణంలో అద్దకందారు. 1870లలో విలియం మోరిస్‌తో కలిసి సహజ రంగుల మీద పనిచేసినవాడు. దసలి నూలు రంగు పట్టదని యూరప్ వ్యాపారులు దాన్ని పక్కన పెట్టేశారు. వార్డిల్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి రంగు పట్టించాడు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, మల్బరీ పోగు గుండ్రం వైపు ఉంటే దసలి పోగు నాడాలా బల్లపరుపుగా ఉంటుందని, దాని మెరుపులోని ప్రత్యేకత అక్కడి నుంచే వస్తుందని చూపాడు. 1878 పారిస్ ప్రదర్శనలో ఆయన దసలి గుడ్డలను జనం ఎగబడి చూశారు. సీలు జంతువు తోలును పోలిన ముఖమల్ గుడ్డ కూడా దసలితోనే తయారైంది. 1881లో భారతదేశపు అడవి పట్టుల మీద గ్రంథం వేశాడు. 1885-86 చలికాలంలో ఇక్కడికే వచ్చి తిరిగి, 1887లో బ్రిటన్, ఐర్లండ్ పట్టు సంఘాన్ని నెలకొల్పి దానికి అధ్యక్షుడయ్యాడు. పట్టుకంటూ ఒక వృత్తి సంఘం, దాని సమావేశాలు, పత్రాలు, సభ్యత్వాలు అలా మొదలయ్యాయి. సభ్యులంతా మిల్లుదార్లు, అద్దకందార్లు, వర్తకులు. వాళ్లకు కావలసింది సరుకు. దసలికి లోకంలో పరువు తెచ్చిన మనిషిగా వార్డిల్‌ను మెచ్చుకోవాల్సిందే. కానీ ఆయన తెచ్చిన గిరాకీ సింగ్‌భూమ్‌లో కాయ కోసినవాడి చేతికి ఎంత చేరిందన్నది ఆ సంఘానికి ప్రశ్నే కాలేదు.

అడవిలో అప్పటికే ఒక శాస్త్రం నడుస్తోంది, అచ్చు కాలేదంతే. దసలి పెంచే కాలంలో రైతు మాంసం ముట్టడు, నేల మీద పడుకుంటాడు, బ్రహ్మచర్యం పాటిస్తాడు, ఆడవాళ్లను పురుగుల దగ్గరికి రానివ్వడు. గెజిటీర్లు రాసిన దొరలకు ఇవి మూఢాచారాలుగా కనబడ్డాయి. ఆడవాళ్ల మీది నిషేధాన్ని ఎవరూ వెనకేసుకు రానక్కర్లేదు. మిగతావాటిలో శుభ్రత ఉంది, పరాయి మనుషుల రాకపోకలను తగ్గించే జాగ్రత్త ఉంది, రాత్రింబవళ్లు చెట్టు కిందే కాపలా ఉండే ఏర్పాటు ఉంది. కాకులు, కోతులు, కందిరీగలు, పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టే ఊజీ ఈగ, అన్నిటికీ దసలి పురుగంటే విందు. పిల్లలు ఉండేలు పట్టుకుని కాపు కాస్తారు. ఆకు అయిపోతే పురుగులున్న రెమ్మను నరికి ఇంకో చెట్టుకు మారుస్తారు.

లెక్కకూ వాళ్ల పద్ధతి వాళ్లది. 4 కాయలు ఒక గండా, 20 గండాలు ఒక పణం, 16 పణాలు ఒక కహన్, అంటే 1,280 కాయలు. దసలి బేరాల్లో ఈ కహన్ లెక్క చాలాకాలం నిలిచింది. శాస్త్రవేత్తలు గ్రాముల్లో తూస్తే, సంతలో బేరం కహన్లలో సాగింది.

1878 అటవీ చట్టం వచ్చాక సింగ్‌భూమ్‌లో విశాలమైన సాల అడవులు రిజర్వు కిందికి పోయాయి. బెంగాల్-నాగ్‌పూర్ రైలు మార్గం చక్రధర్‌పూర్ మీదుగా సాగింది. పట్టాల కింద వేసే చెక్కలకు సాలను మించిన కలప లేదు. అటవీ శాఖ కంటికి చెట్టు కలప, దసలి రైతు కంటికి మేత. కొమ్మ నరికి చిగురు వేయించుకునే అతని అలవాటు అటవీ శాఖకు నేరంగా కనబడటంలో వింతేముంది? లండన్‌లో దసలి ప్రదర్శనలు జరుగుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడ దసలి చెట్టు దగ్గరికి దారి మూసుకుపోతూ వచ్చింది.

ఇక టాటాలు. జంషెట్జీ టాటా సంపద పెరిగింది నూలు మిల్లుల్లోనే. నాగ్‌పూర్ ఎంప్రెస్ మిల్లు 1877 నాటిది. పట్టు మీద కూడా ఆయనకు మనసు పోయింది. మైసూరు సంస్థానం సాయంతో, జపాన్ నిపుణులను రప్పించి బెంగళూరులో పట్టు క్షేత్రం పెట్టాడు. ఆ పేటను ఇప్పటికీ టాటా సిల్క్ ఫార్మ్ అనే పిలుస్తారు. అది మల్బరీ పట్టు. ఆయన 1904లో పోయాడు. తరువాత సాక్చీలో ఉక్కు కర్మాగారం లేచింది, 1919లో ఆ ఊరికి ఆయన పేరు పెట్టారు. పట్టు కోసం జపాన్ దాకా చూసిన మనిషి పేరుగల ఊరు దసలి అడవుల పక్కనే వెలసింది. చరిత్రకు ఇలాంటి వేళాకోళాలు సరదా.

20వ శతాబ్దంలో జౌళి శాస్త్రానికి పెద్ద సంఘాలు వచ్చాయి. మాంచెస్టర్‌లో 1910లో టెక్స్‌టైల్ ఇన్‌స్టిట్యూట్, మన దేశంలో 1939లో టెక్స్‌టైల్ అసోసియేషన్, 1947లో విక్రమ్ సారాభాయ్ చొరవతో అహ్మదాబాద్‌లో అటిరా, 1956లో కోయంబత్తూరులో సిట్రా. వీటన్నిటికీ ప్రాణం పత్తి మిల్లు. స్పిన్నింగ్ మాస్టర్లు, వీవింగ్ మాస్టర్లు సభ్యులు. నూలు కౌంటు, గాలిలో తేమ, గంటకు ఎన్ని పోగులు తెగుతున్నాయి, ఇవీ చర్చలు. దసలికి మిల్లు లేదు కనుక చందా కట్టే సభ్యుడూ లేడు. చందా లేని చోట పరిశోధన పుట్టాలంటే ప్రభుత్వమే దిక్కు. ఉక్కు ఊరికి ఆ దిక్కు తొందరగానే దొరికింది. జాతీయ లోహశోధనశాల 1950లోనే జంషెడ్‌పూర్‌లో తలుపులు తెరిచింది. దసలికి 1964 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడు కేంద్ర పట్టు మండలి రాంచీలో దసలి పరిశోధన సంస్థను మొదలుపెట్టింది. నగరం పక్కనే నగ్డీలో ఇప్పటికీ ఉంది. తొలి తరాన్ని నడిపిన ఎం.ఎస్. జాలీ, సహచరులతో కలిసి 1970లలో వేసిన దసలి పెంపకం గ్రంథం ఆ రంగంలో చాలామందికి చేతిపుస్తకమైంది. చైనా ఓక్ పురుగునూ హిమాలయపు అడవి పురుగునూ సంకరం చేసి కొత్త పురుగును సృష్టించిన ఘనత కూడా ఆ బృందానిదే. మణిపూర్ వైపు ఓక్ దసలి దాంతోనే నిలదొక్కుకుంది. సింగ్‌భూమ్‌కు కావలసింది మాత్రం అలాంటి ఘనకార్యం కాదు, రోగం లేని గుడ్డు.

దసలి రైతు కొంప ముంచేది పెబ్రిన్. కంటికి ఆనని సూక్ష్మజీవి, తల్లి నుంచి గుడ్డు ద్వారానే బిడ్డకు దిగుతుంది. మల్బరీలో దీని గుట్టు 1860లలో పాశ్చర్ విప్పాడు. గుడ్డును చూసి లాభం లేదు, తల్లిని చూడాలన్నదే ఆయన మందు. ఇక్కడా అదే పద్ధతి. తొలకరికి విత్తనపు కాయల దండలను కొట్టంలో వేలాడదీస్తారు. చీకటి పడ్డాక కాయల నుంచి రెక్కల పురుగులు, అంటే చిలుకలు, బయటికొస్తాయి. జత కట్టిన ఆడచిలుకను విడదీసి ఒక్కొక్కదాన్ని విడిగా ఉంచుతారు. గుడ్లు పెట్టడం అయ్యాక దాని పొట్ట కొస తుంచి, క్షారపు నీటి చుక్కతో నూరి, గాజు పలక మీద పూసి, సూక్ష్మదర్శినిలో 600 రెట్లు పెద్దది చేసి చూస్తారు. మెరుస్తూ కోలగా ఉన్న గింజలు కనబడితే ఆ తల్లి పెట్టిన రెండు వందల గుడ్లూ నిప్పుల పాలు. కనబడకపోతే కడిగి రైతుకు ఇస్తారు. పని చిన్నదే, కానీ వేలసార్లు ఓపిగ్గా చేయాలి, అదీ వానలు మొదలైన కొద్ది వారాల్లోనే. ఇది రాంచీలో కూర్చుని చేస్తే నడవదు. గుడ్లు పెట్టిన తొమ్మిదో రోజుకల్లా పురుగు బయట పడుతుంది, దారిలోనే పగిలితే అంతా వృథా.

అందుకని పని ఊళ్లకు దిగింది. ఖర్సావాన్‌లో విత్తన కేంద్రం, చాయిబాసాలో ముడి సరుకు బ్యాంకు వచ్చాయి. 1980ల చివర నుంచి ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ సంతాల్ పరగణాలో బీడు భూముల్లో తెల్లమద్ది నాటించి, ఊళ్లోని రైతులకే సూక్ష్మదర్శిని చూడటం నేర్పించి విత్తనం తయారుచేయించింది. తరువాతి కాలంలో స్వయంసహాయ సంఘాల ఆడవాళ్లూ ఆ పనిలోకి వచ్చారు. పురుగు దరికి రాకూడదని తాతలు కట్టడి చేసిన ఆడవాళ్లే పురుగు బతకాలా వద్దా అన్నది తేల్చడం మొదలుపెట్టారు. దసలి చరిత్రలో ఇంతకన్నా పెద్ద మార్పు నాకు కనబడలేదు. చిన్న పురుగులను నైలాన్ వల కింద పెంచమన్న రాంచీ సలహా కూడా మంచిదే, పిట్టల పాలయ్యేవాటిని అది చాలా కాపాడింది.

నూలు తీయడం దగ్గర శాస్త్రం ఇంకా నత్తనడకే నడిచింది. ఉడికించిన కాయల నుంచి పోగులు లాగి, కలిపి, ఆడవాళ్లు బట్ట జరిపి తమ తొడ మీదే పురి పెట్టేవాళ్లు. చర్మం ఒరుసుకుపోయేది. రోజంతా చేసినా వచ్చేది కొద్దిపాటి నూలు. ఈ తొడ మీది పద్ధతికి బదులుగా కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థ, ఛత్తీస్‌గఢ్‌లోని చాంపాకు చెందిన ఒక పారిశ్రామికుడితో కలిసి బునియాద్ అనే చిన్న యంత్రం తయారుచేసింది. అది ఊళ్లకు చేరడానికి 21వ శతాబ్దం రెండో దశాబ్దం పట్టింది. కాయను మెత్తబరచడానికి ఇంకో దారీ ఉంది. చిలుక తన కాయను తానే కరిగించుకునే ఎంజైమును 1964లో హార్వర్డ్‌లో కఫాటోస్, విలియమ్స్ గుర్తించి కొకూనేస్ అన్నారు. రాంచీ సంస్థ పుట్టిన ఏడే అది. ఆ ఎంజైముతోనే దసలి కాయను మెత్తబరచవచ్చా అని మన శాస్త్రవేత్తలు తరువాత ప్రయోగాలు చేశారు. చిలుకను చంపకుండా, అది బయటపడ్డ కాయతోనే నూలు తీయాలన్న హైదరాబాద్ కుసుమ రాజయ్య అహింసా పట్టు వెనక ఉన్నదీ ఈ రసాయనమే.

2006లో జార్ఖండ్ ప్రభుత్వ సంస్థ జార్‌క్రాఫ్ట్ ఏర్పడ్డాక కుచాయ్ పట్టుకు పేరొచ్చింది. దేశంలో తయారయ్యే దసలిలో సగానికి పైగా జార్ఖండ్‌దే. అయినా చాలా నూలు భాగల్‌పూర్ మగ్గాలకే పోతుంది, చీర మీద పేరు అక్కడిదే పడుతుంది.

మన వైపు కూడా మద్దిచెట్టుకు లోటు లేదు. చెన్నూరు, మహాదేవపూర్ అడవుల్లో దసలి పాతదే. రాంచీ సంస్థ వరంగల్‌లో ప్రాంతీయ కేంద్రం పెట్టింది. శాస్త్రవేత్తలు ఆంధ్ర లోకల్ అని పిలిచే పురుగు రకం ఈ అడవులది. కాయ చిన్నదైనా గట్టిది, పోగు సన్నం. సింగ్‌భూమ్‌కు చెందిన దాబా రకం కాయ పెద్దది, దిగుబడి ఎక్కువ. దాని విత్తనం తెలంగాణకూ చేరింది. పెద్ద కాయకు ధర ఎక్కువ పలికితే రైతు దాన్నే అడుగుతాడు, తప్పు పట్టలేం. దాబా వచ్చేకొద్దీ స్థానిక రకం తగ్గింది, రెండూ కలిసిపోయే భయమూ ఉంది. ఆంధ్ర లోకల్‌ను కాపాడమని పత్రాలు చాలానే వచ్చాయి. కాపాడాలంటే దాని విత్తనపు కాయలను ఏటా తొలకరి దాకా ఎవరో ఒకరు దాచిపెట్టాలి, దానికి తగ్గ ధర ఆ రైతుకు ఎవరో ఒకరు కట్టాలి.