గుప్త నివేదికలూ, కంప్యూటరు లెక్కా

కాన్ఫిడెన్షియల్ రిపోర్టు తెచ్చే తంటాలు మన సభ్యులకు కొత్తవి కావు. అందరికీ ‘చాలా బాగు’ అని రాసే పై అధికారి దగ్గర పనిచేసినవాడు ముందుకు పోతాడు. ఉన్నదున్నట్టు రాసే ధర్మాత్ముడి కింద పడ్డవాడు వెనకబడతాడు. గుమాస్తాగా ఆ ఫైళ్లు కట్టిన చేతులు నావి. అమెరికా సైన్యానికీ ఇదే చిక్కు వచ్చిందని చదివి కుతూహలం కలిగింది.

అక్కడి నౌకాదళంలో 1916 వరకు సీనియారిటీయే దారి. ఆ ఏడాది చట్టంతో పై హోదాలకు అడ్మిరళ్ల బోర్డు ఎంపిక చేయడం మొదలైంది. ఎంపిక అనేసరికి రిపోర్టులకు ప్రాణం వచ్చింది. పైగా 1980 చట్టం ప్రకారం రెండుసార్లు బోర్డు దాటలేని యువ అధికారి సాధారణంగా ఉద్యోగం వదలవలసిందే. కుర్రవాడి పొట్ట కొట్టడం ఎవరికిష్టం? మార్కులు ధారపోశారు. చివరికి కాగితం మీద అందరూ మేటివారే!

కంప్యూటరు అక్కరకు వచ్చింది ఇక్కడే. మార్కులు వేసేవారి మీదే దాన్ని నిఘా పెట్టారు. 1997లో పదాతి, ఫిరంగి దళాలు గల ఆర్మీ కొత్త ఫారం తెచ్చింది. ప్రతి పై అధికారీ ఏ హోదావారికి ఏ గడిలో టిక్కు పెట్టాడో కేంద్ర కార్యాలయంలో చిట్టా ఉంటుంది. అత్యుత్తమ గడి సగం కంటే తక్కువ రిపోర్టులకే. హద్దు మీరితే ఆ రిపోర్టు సగటుగానే నమోదవుతుంది.

మెరైన్లు 1999లో ఇంకా తెలివైన పని చేశారు. ఒక అధికారి ఒక హోదావారికి ఇచ్చిన మార్కుల సగటును 90గా, అన్నిటికన్నా పైదాన్ని 100గా లెక్కిస్తారు. ఎంత కిందిదైనా 80కి తగ్గదు. మూడు రిపోర్టులు పోగయ్యేదాకా లెక్కే కట్టరు. పిసినారి చేతి మార్కూ, ధారాళమైన చేతి మార్కూ ఇలా ఒకే కొలతకు వస్తాయి. మన ఆఫీసుల్లో ఇది ఉంటే ఎందరి బతుకులు మారేవో!

నౌకాదళ బోర్డులో సభ్యులు ఒకరికొకరు కనపడకుండా 0, 25, 50, 75, 100లలో ఒక మీట నొక్కుతారు. సగటు తెర మీదికి వస్తుంది. మధ్యలో చిక్కుకున్నవారి ఫైళ్లు మళ్లీ చర్చకు వెళతాయి. ఎంపిక మాత్రం మనుషులదే.

అయినా మనిషి మనిషే కదా. ఆర్మీలో చాలామంది పై అధికారులు ఆ పరిమితమైన అత్యుత్తమ గడిని త్వరలో బోర్డు ముందుకు వెళ్లేవారి కోసం దాచి ఉంచసాగారు. కంప్యూటరులో లెక్క సరిగ్గానే ఉండేది. అప్పుడే వచ్చి చేరిన కెప్టెను ఎంత కష్టపడినా, వాడికి దక్కేది సగటు గడి.