డోర్నకల్ జంక్షన్: బొగ్గు కోసం వచ్చిన రైలు.. భద్రాచలం గుడి దాకా వెళ్లేదెప్పుడు?

హైదరాబాద్ నుంచి విజయవాడ రైల్లో వెళ్లేవాళ్లు మహబూబాబాద్ దాటాక, ఖమ్మం రాకముందు ఓ స్టేషన్ చూసే ఉంటారు. రైలు ఒకటి రెండు నిమిషాలు ఆగుతుంది. కొన్ని సూపర్‌ఫాస్ట్‌లైతే ఆగకుండానే దూసుకెళ్తాయి. అదే డోర్నకల్ జంక్షన్. ఊరు చిన్నదే. కానీ కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులకైనా, భద్రాద్రి రాముడి దగ్గరికైనా రైల్లో వెళ్లాలంటే దారి మళ్లేది ఇక్కడే. అసలు ఈ జంక్షన్ ఎలా పుట్టింది? దీని కథ ఏంటి? ఓసారి చూద్దాం.

భక్తులు వెలిగించిన పొయ్యి

ఈ కథ ఇల్లందులో మొదలవుతుంది. భద్రాచలం యాత్రకు వెళ్తున్న కొందరు భక్తులు ఇల్లందు దగ్గర ఆగి, వంట కోసం నల్లరాళ్లతో పొయ్యి పెట్టుకున్నారట. కట్టెలతో పాటు ఆ రాళ్లూ అంటుకుని మండాయట. సింగరేణి ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకునే మాట ఇది. ఆ తర్వాత 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు నిల్వలు ఉన్నాయని తేల్చారు. ఇల్లందును స్థానికులు ఇప్పటికీ 'బొగ్గుట్ట' అనే పిలుస్తారు.

బొగ్గు దొరికింది సరే, బయటికి తెచ్చేదెలా? ఎడ్లబండ్ల మీద అయ్యే పని కాదు. అప్పట్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లైన్ 1886లో వరంగల్ వరకు వచ్చింది. అక్కడి నుంచి డోర్నకల్ మీదుగా 1888లో ఇల్లందు గనుల దగ్గరికి చేరింది. డోర్నకల్ నుంచి బెజవాడ లైన్ పూర్తయింది ఆ మరుసటి ఏడాది, 1889లో. అంటే రైలు ముందు వెళ్లింది బొగ్గు దగ్గరికి, ఆ తర్వాతే కృష్ణా తీరానికి. రెండు దారులు కలిసిన చోటు కాబట్టి డోర్నకల్ జంక్షన్ అయింది.

1899లో బెజవాడ–మద్రాసు లైన్ పూర్తయింది. దాంతో హైదరాబాద్ నుంచి మద్రాసుకు ఈ దారిలోనే రైళ్లు నడిచాయి. 1929లో కాజీపేట–బల్హార్షా లైన్ పూర్తయ్యాక ఢిల్లీ–మద్రాసు ప్రధాన మార్గంలో డోర్నకల్ కూడా భాగమైంది.

'సింగరేణి' పేరు ఎక్కడిది?

గనులు మొదలైంది ఇల్లందులో అయినా, కంపెనీకి దగ్గర్లోని సింగరేణి గ్రామం పేరు వచ్చింది. 1920లో 'సింగరేణి కాలరీస్ కంపెనీ' ఏర్పడింది. ఇల్లందులోని స్టేషన్‌కు కూడా రైల్వే 'సింగరేణి కాలరీస్' అనే పేరే పెట్టింది. తర్వాత గనులు కొత్తగూడెం వైపు విస్తరించడంతో కారేపల్లి దగ్గర చీలి ఇంకో లైన్ వెళ్లింది. అది మణుగూరు దాకా సాగింది. కారేపల్లి కూడా అలా జంక్షనే అయింది.

తొలి అడుగు పడ్డ ఇల్లందు లైన్ ఇప్పుడు బొగ్గు రవాణాకే పరిమితం. అక్కడి జనానికి ఇవాళ బస్సే దిక్కు.

రైలు పట్టాల పక్కనే చర్చి చరిత్ర

డోర్నకల్ అనగానే చాలామందికి గుర్తొచ్చే ఇంకో పేరు బిషప్ వి.ఎస్. అజరయ్య. తమిళనాడుకు చెందిన ఆయన 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని పనిచేశారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రారంభమైంది. గుడి, మసీదు, చర్చి.. మూడు శైలులూ కలిసి కనిపించే కట్టడం అది.

భద్రాచలం రోడ్ అంటే భద్రాచలం కాదు!

కొత్తగా వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. టికెట్ మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. కానీ ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగాక భద్రాచలానికి బస్సులో ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు వెళ్లాలి. ఆ ఊరికి వెళ్లే రోడ్డు దగ్గర స్టేషన్ ఉంటే పేరు చివర 'రోడ్' అని పెట్టడం రైల్వేలో పాత అలవాటు. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి లక్షల్లో భక్తులు వచ్చే భద్రాచలానికి ఇప్పటికీ సొంత రైల్వే స్టేషన్ లేదు. భక్తులు గోదావరి దాటేది రోడ్డు వంతెన మీదే.

మళ్లీ బొగ్గుకే ముందు.. ఈసారైనా జనానికి?

2022లో భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి వరకు 54 కిలోమీటర్ల కొత్త లైన్ అందుబాటులోకి వచ్చింది. అది కూడా సింగరేణి బొగ్గు తరలించడానికే. 1888లో ఏం జరిగిందో 2022లోనూ అదే జరిగింది. బొగ్గు ముందు, మనిషి తర్వాత.

అయితే 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఒక ప్రాజెక్టు మాత్రం ఆశలు రేపుతోంది. ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు సుమారు 174 కిలోమీటర్ల కొత్త లైన్ అది. పాండురంగాపురం కొత్తగూడెం–మణుగూరు మార్గంలోని స్టేషన్. ఈ లైన్ పూర్తయితే రాముడి ఊరికి తొలిసారి రైలు వస్తుంది. డోర్నకల్ జంక్షన్‌కు ఒడిశా దారి కూడా కలుస్తుంది. ఏజెన్సీ పల్లెల నుంచి ఆసుపత్రికో, చదువుకో వరంగల్, హైదరాబాద్ వెళ్లేవారికి అదెంత ఊరటో చెప్పక్కర్లేదు.

ప్రయాణికులు గుర్తుపెట్టుకోవాల్సినవి

* స్టేషన్ కోడ్‌లు: డోర్నకల్ – డీకేజే, భద్రాచలం రోడ్ – బీడీసీఆర్, మణుగూరు – ఎంయూజీఆర్. 'భద్రాచలం' అని వెతికినప్పుడు వచ్చేది కొత్తగూడెంలోని స్టేషనే.
* డోర్నకల్ ఉన్నది మహబూబాబాద్ జిల్లాలో. దక్షిణ మధ్య రైల్వే, సికింద్రాబాద్ డివిజన్ కిందికి వస్తుంది.
* సికింద్రాబాద్ నుంచి నేరుగా కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్లేందుకు మణుగూరు సూపర్‌ఫాస్ట్, కాకతీయ రైళ్లున్నాయి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు డోర్నకల్‌లో బండి మారాల్సి రావొచ్చు.
* బ్రాంచ్ లైన్‌లో రైళ్లు తక్కువ. ఒకటి తప్పిపోతే గంటల తరబడి ఎదురుచూడాలి. అందుకే బయల్దేరే ముందే 139కి ఫోన్ చేసి టైమింగ్స్, స్టాప్‌లు కనుక్కోండి.
* కనెక్షన్ దొరక్కపోతే ఖమ్మంలో దిగి బస్సెక్కడం మేలు. డోర్నకల్ నుంచి ఖమ్మం పాతిక కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి భద్రాచలానికి ఆర్టీసీ బస్సులు దొరుకుతాయి.

భద్రాచలం వెళ్లే భక్తుల పొయ్యిలో బొగ్గు బయటపడిందని చెబుతారు. ఆ బొగ్గు కోసం రైలు రావడానికి ఇరవై ఏళ్లు కూడా పట్టలేదు. ఆ భక్తుల ఊరికి మాత్రం నూటయాభై ఏళ్లు దాటినా ఇంకా రాలేదు.