దిగబడిన బండిని లాగు బండి

కృష్ణరాజపురమను నిండు పేరును రైల్వేస్టేషను పలకమీద తప్ప నేడు పూర్తిగా పలుకువారు అరుదు. బస్సు కండక్టరు మొదలు కూరగాయల బండివాని వరకు అందరికిని అది కె.ఆర్.పురమే. పాత మద్రాసు రోడ్డును, బంగారుపేట వైపునుండి వచ్చు రైలుదారిని, ఆ పట్టాలమీదుగా సాగిన తీగల వంతెనను, రేయింబవళ్లు తెరపిలేని లారీల రొదను తనలో ఇముడ్చుకొన్న యీ యూరిలో, పట్టాలకు చేరువగా మిద్దెమీది గదిలో కాపురమున్న నాకు, ఒక వానకాలపు సాయంకాలమున, ప్రక్కగోడలు లేని పెట్టెలపై సేనావాహనములను మోసికొని పోవు రైలొకటి సిగ్నలుకొరకు ఆగియుండగా చూచు అవకాశము కలిగినది. వీధి పిల్లలు పిట్టగోడ నెక్కి ఫిరంగి గొట్టములను లెక్కించుచుండిరి. ఆ వరుసలో ఒకదానికి ఫిరంగి లేదు. గాలికి టార్పాలిను అంచు తొలగగా, మడచిన క్రేను చేయియు, ముందువైపు నేలను గీరు బ్లేడును కానవచ్చెను. పిల్లలు దానిని విడిచి తరువాతి దానిని లెక్కించిరి. వారి లెక్కకు రాని ఆ బండిమీదనే నా మనస్సు నిలిచినది. నా బల్లపై నాలుగు నెలలు కూర్చిన ప్లాస్టిక్ నమూనాయును, ఈ వ్యాసమును ఆ సాయంకాలము వలననే పుట్టినవి.

సైనికులు దానిని రికవరీ బండి యందురు. బురదలో దిగబడిన ట్యాంకును, గొలుసు తెగినదానిని, ఇంజను ఆగినదానిని, గుండు తగిలి కదలలేకున్నదానిని తాడుకట్టి లాగి మరమ్మతుశాలకు చేర్చుట దాని పని. భారతము విన్న జాతికి దాని ప్రయోజనమును వేరుగ వివరింప బనిలేదు. పదునేడవనాటి యుద్ధమున కర్ణుని రథచక్రమును నేల మ్రింగగా, అస్త్రవిద్యలో సాటిలేని ఆ వీరుడు విల్లు విడిచి తానే దిగి చక్రము నెత్తబూనవలసి వచ్చినదే గాని, అన్ని అక్షౌహిణుల నడుమ దిగబడిన రథమును లాగుటకొరకే యేర్పడిన వాడొక్కడును లేకపోయెను.

మా యూరి దారికిని ఈ లాగుడు పనికిని గల సంబంధము చాల పాతది. 1791 ఫిబ్రవరిలో బ్రిటిషు సేనాపతి కారన్‌వాలీసు ప్రభువు టిప్పు సుల్తానుపై దండెత్తి, చిత్తూరు సీమలోని మొగిలి కనుమ నెక్కి, కోలారు, హొసకోటల మీదుగా మార్చి 5న బెంగుళూరు ముందర విడిసెను. 7న పేటయు, 21వ తేది రాత్రి కోటయు ఆయన వశమైనవి. హొసకోటనుండి బెంగుళూరికి నేడు మేము బస్సులలో గంటల తరబడి ఇరుక్కొని పోవు ఈ దారి ఇంచుమించుగా ఆ సేన నడచిన జాడయే. చరిత్రకారులు కోటగోడకు పడిన గండిని గూర్చి పుటలకొలది వ్రాసిరి. ఆ గండి కొట్టిన ఫిరంగులు అచ్చటికి ఎట్లు చేరినవన్నది నాకు అంతకన్న గొప్ప విషయముగ దోచును. ముట్టడి ఫిరంగి యొక్కొక్కదానికి ఎడ్ల జతలు బారులు తీరి కాడి మోయవలసి యుండెను; ఎక్కుడు దారిలో ఎడ్లు లాగలేకపోయినచోట ఏనుగు వెనుకనుండి నుదుటితో నెట్టెడిది. ఆ ఏనుగే ఆనాటి రికవరీ బండి.

ఆ యేడు మే నెలలో జరిగినది మరింత తెలియదగినది. శ్రీరంగపట్టణపు చెంతదాక పోయి, 15వ తేది అరకెరె యొద్ద పోరున గెలిచియు, మేత కరవై, రోగము సోకి ఎడ్లు కుప్పలుగా చచ్చుటచే, కోటను కన్నులార చూచుచునే కారన్‌వాలీసు వెనుదిరిగెను. లాగు జీవము లేని ఫిరంగి శత్రువునకు దక్కు కానుక యగును గనుక, అంత శ్రమించి కనుమ నెక్కించిన ముట్టడి ఫిరంగులను తన చేతులతోనే ధ్వంసము చేయించెను. గెలిచిన సేనాపతి తన ఆయుధములను తానే పాడుచేసికొనవలసి వచ్చిన ఆ వేసవి, యుద్ధమున లాగువాని విలువను చాటిన పాఠములలో మొదటి వరుసలోనిదని నా నమ్మకము.

మైసూరువారికి ఈ మర్మము ముందే తెలియును. ఒడయరుల కాలమున ‘బెణ్ణె చావడి’ యను పేర పెరిగిన రాచమందలను టిప్పు తండ్రి హైదరు ఫిరంగులకు కట్టెను. టిప్పు ఆ శాఖకు అమృతమహలని పేరిడి నియమములు వ్రాయించెను. హైదరు చిదంబరము రక్షణకై రెండున్నర దినములలో 100 మైళ్లు నడచెనన్న ప్రతీతి ఈ ఎడ్ల గిట్టలమీదనే నిలిచినది. సన్నని మోము, వెనుకకు వంగి కొనదేలిన కొమ్ములు గల ఆ జాతి ఎద్దును కోలారు సంతలలో పెద్దలు ఇప్పటికిని గౌరవముతో చూతురు.

1864 ఆగస్టు 1న జోలార్‌పేటనుండి బెంగుళూరు దండుకు రైలు నడచినది మొదలు భారములు పట్టాలకెక్కెను. ఆ దారినే తూర్పుగా పోయి బంగారుపేటలో శాఖామార్గము పట్టినచో కోలారు బంగారు గనులు వచ్చును. తెలుగు, తమిళ శ్రామికులు తరతరములుగా భూగర్భమున చెమటోడ్చిన ఆ నేలపై, 1964లో నెలకొన్న భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ కర్మాగారము వెలసినది. పోలండు దేశపు నమూనాననుసరించి డబ్ల్యుజెడ్‌టి-3 అను కవచ రికవరీ వాహనమును సేనకు నిర్మించినది ఆ సంస్థయే. సుమారు 41 టన్నుల టి-72 ట్యాంకునకు ఏది మేనో, దాని తోబుట్టువైన యీ లాగుడు బండికిని అదియే మేను. ఫిరంగి బురుజునకు బదులు క్రేనును, వించియు నుండును. గనిలోనుండి బరువును తాడుతో పైకి లాగుటయే బ్రదుకుగా నుండిన ఊరిలో ఈ బండి పుట్టుటను నేను కేవల కాకతాళీయమని అనుకొనజాలను.

ప్రపంచమున ఈ జాతి వాహనము ట్యాంకు వెంటనే పుట్టవలసినది, పుట్టలేదు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సు దేశపు సోమ్ రణరంగమున బ్రిటిషువారు తొలిసారి ట్యాంకులను దింపినపుడు, శత్రువు గుండ్లకన్న ముందు బురదయు యంత్రలోపములును వానిలో పెక్కింటిని నిలిపివేసినవి. రెండవ మహాయుద్ధమున ఉత్తరాఫ్రికా ఎడారిలో, సాయంకాలమునకు రణభూమి ఎవరి చేత మిగులునో వారే చెడిన ట్యాంకులను లాగికొనిపోయి మరల పోరునకు పంపగలరని ఇరుపక్షములును గ్రహించెను. 1942 అక్టోబరులో బ్రిటిషు సేనలో మరమ్మతుకై ప్రత్యేక దళమేర్పడినది. మన దేశమున అట్టిదే 1943లో రూపొంది, నేటికిని అక్టోబరు 15న తన జన్మదినమును జరుపుకొనుచున్నది. ఆ దళపు ఇంజనీర్లకు విద్య గరపు కళాశాల సికింద్రాబాదు తిరుమలగిరిలో కలదు; ‘కర్మ హీ ధర్మ్’ అన్నది ఆ దళపు ధ్యేయవాక్యము.

1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ చెరకుతోటలలోనికి నీరు వదలగా, పాకిస్తానువారి పేరుమోసిన పాటన్ ట్యాంకులు బురదలో చిక్కుకొని మన గుండ్లకు గురియైనవి. హైదరాబాదు కంటింజెంటు పరంపరకు చెందిన దక్కను హార్సు ఆనాడు పాత షెర్మన్ ట్యాంకులతో పోరాడినదని తెలిసినపుడు తెలుగువాని రొమ్ము పొంగును. పోరు ముగిసిన పిదప ఆ పాటన్లను భిఖీవిండ్ యొద్ద వరుసగా నిలుపగా ఆ చోటునకు పాటన్ నగరమని పేరు వచ్చెను. వరుసను చూడ దేశమంతయు వచ్చినది. ఆ బురదనుండి ఒక్కొక్క ఉక్కుకొండను పెకలించి తెచ్చిన వారి పేర్లు మాత్రము ఏ పలకపైనను లేవు.

ఇక నమూనా సంగతి. 1936లో ఇంగ్లండున ఫ్రాగ్ సంస్థవారు 72వ వంతు కొలతలో ప్లాస్టిక్ విమానముల ముక్కలను పెట్టెలలో అమ్మిరి. ఆరడుగులను ఒక అంగుళమునకు కుదించిన కొలత అది. ట్యాంకులకు నేడు చెల్లుబాటైన 35వ వంతు మాత్రము లెక్క వేసి ఎంచుకొన్నది కాదు. 1961లో జపాను దేశపు తమియా సంస్థ పాంథర్ ట్యాంకు నమూనాలో మోటారును, బ్యాటరీలను ఇముడ్చవలసి వచ్చి, వానికి చాలినంత మేను కట్టగా, తరువాత కొలిచి చూచిన అది అసలులో ఇంచుమించు 35వ వంతుగా తేలెను. లోపలి బ్యాటరీ వెలుపలి లోకమునకు కొలబద్ద యైనది.

నేను ఎంచుకొన్నది డబ్ల్యుజెడ్‌టి కాదు, దాని పెద్దతాత వంటి అమెరికను ఎం31. 1944లో ఇంఫాలు కొండలలో పోరాడిన లీ ట్యాంకు మేనిపైననే దానిని కట్టిరి. లోపలి వించి 60,000 పౌండ్లు, అనగా 27 టన్నులు లాగును. లీ ట్యాంకు బరువును ఇంచుమించు అంతే. అది చాలనిచోట, తాటికి నడుమ కప్పీ తగిలించి కొనను మరల వెనుకకు తెచ్చి కట్టినచో లాగు బలము రెట్టింపగును, చుట్టవలసిన తాడును రెట్టింపగును. మోట బావిని చూచినవారికి కప్పీ క్రొత్త కాదు. ఈ బండిలో నా మనస్సును మిక్కిలి కదలించినది మరియొకటి: దానికి ఫిరంగులు లేవు, కాని ఉన్నట్లు కానవచ్చును. బురుజున ఒక ఉత్తుత్తి గొట్టము, కుడిప్రక్క తలుపునకు బిగించిన మరియొక ఉత్తుత్తి గొట్టము. ఫిరంగి లేనివాడు రణమధ్యమున పని చేయుటకు వేసికొన్న వేషమది. ఆ తలుపును మూయక కొంచెము తెరచి అతికితిని. చూచువారికి గొట్టము వెనుక ఏమియు లేదని తెలియవలెనని నా కోరిక.

చట్రమునుండి ముక్కలను బ్లేడుతో కోసి, ఉప్పుకాగితముతో అంచులు రుద్ది, జిగురు పూసి అతికిన పిదప, అతుకుల నడుమ సన్నని సందులు మిగులును; వానిని పుట్టీతో పూడ్చి మరల రుద్దవలెను. కొండపల్లిలో తెల్లపొణికి కొయ్య ముక్కలను అతుకు పనివారు రంపపు పొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కు చేసి ఇట్టి సందులను పూడ్చుట నేను చిన్ననాడు చూచియుంటిని. అంబారీ ఏనుగు తొండము మొదట మక్కు అద్దుచు బొటనవ్రేలి గోటితో ఒక్కసారి గీచి మిగులును తీసివేసిన ఆ పనివాని చేతి విసురును, ఇన్నేండ్లకు ఎం31 క్రేను మొదట పుట్టీ అద్దుచు అనుకరింపబోయి, మూడు పర్యాయములు చెడగొట్టితిని.

తాడు కడపటి పని. పెట్టెలో ఇచ్చిన దారము నూగు లేచి యుండుటచే, రెండు నల్లదారములను పురిపెట్టి మైనము పట్టించి వించికి చుట్టి, మా వీధిలో నుండు పెద్దాయనకు చూపితిని. పలమనేరు వైపువారు, సేన మరమ్మతుశాలలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు. కళ్లజోడు సవరించుకొని చాలసేపు చూచిరి.

“బాగుండాదప్పా. తాడే సరిలేదు.”

“ఏమి తప్పు చేసినానండీ?”

“ఇంత కొత్త తాడు యాడుంటాది? పనిచేసిన తాడంటే గ్రీజు పట్టి నల్లగా ఉంటాది. పోగులు ఒకటో రెండో తెగి ముండ్లమాదిరి బైటికి పొడుచుకోనుంటాయి. గ్లౌజులు లేకుండా పట్టుకుంటే అరచేయి చీరుకుపోతాది.” తన కుడి అరచేతిని దీపము క్రిందికి చాపిరి, బొటనవ్రేలి మొదటినుండి మణికట్టు వైపు తెల్లని గీత యొకటి యుండెను. “లాగేటప్పుడు తాడు పక్కన ఎవర్నీ నిలబడనియ్యరు. తెగితే కాళ్లు తీసుకోని పోతాది.”

ఆయన వెళ్లిన పిదప సూదిమొనతో ఆ పురిలోనుండి రెండు నూలుపోగులను పైకి తీసి, వెండ్రుకంత పొడవు మాత్రము ఉంచి తక్కినది కత్తిరించి, నల్లరంగులో చుక్క నూనె కలిపి తాడంతటికిని పట్టించితిని. ఆరుటకు రాత్రియంతయు పట్టినది.